తూము తవ్విందెవరు

నల్లగుట్ట కింద ఉన్న కుంట దేవుడిచ్చింది కాదు, వాగు తవ్వింది కాదు. గుట్ట మీది జంతువులు తమ కాళ్ళతో, మూతులతో, కొమ్ములతో కట్టుకున్న కుంట అది. ఏడేళ్ళ కిందట వరసగా రెండు కరువులు వచ్చి, నాలుక తడుపుకోవడానికి చుక్క లేకుండా పోతే, ఎవరూ పిలవకుండానే అన్నీ ఒక చోట చేరాయి. అడవిపందులు మన్ను పెళ్ళగించాయి. జింకలు, కుందేళ్ళు దాన్ని వెనక కాళ్ళతో ఎగజిమ్మి కుప్పలు పోశాయి. దున్నపోతులు ఆ మన్నుని బురద చేసి, పగలంతా తొక్కి తొక్కి కట్ట లేపాయి. కూలి లేదు, బలవంతం లేదు. నలభై రోజుల్లో కట్ట లేచింది, ఆ ఏడు వానకి కుంట నిండింది.

ఆ కట్టకి దక్షిణం కొసన, తంగేడు పొద పక్కన బొరియలో సుంకమ్మ ఉంటుంది. సుంకమ్మ పందికొక్కు. ఒక చోట కాలు నిలిచే రకం కాదు. తెల్లారిందంటే కట్ట ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి పరుగు. పీత ఎక్కడ బొక్క పెట్టిందో వాసన చూడాలి, అక్కడ ఇంత మట్టి కుక్కాలి, మూతితో అదమాలి, మళ్ళీ పరుగెత్తాలి. తిండి తింటూ తింటూ కూడా సగంలో లేచి, ఏదో గుర్తొచ్చినట్టు కట్ట మీదికి పోతుంది.

"నీకేం పుట్టింది సుంకమ్మా, కాసేపు కూర్చోరాదా?" అని ఎవరైనా అంటే, "కూర్చుంటే కాళ్ళు గుంజుతాయప్పా" అంటుంది.

కాళ్ళ సంగతి అటుంచండి. ఆ కట్ట ఎప్పుడు తెగుతుందోనని ఆమెకి భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకుంటే ఎగతాళి చేస్తారని.

ఎందుకంటే కట్టలో ఆమెది అందరికంటే ముఖ్యమైన పని. తూము. "నీళ్ళు ఎక్కువైతే బయటికి పోయే దారి ఉండాల కదా, లేకపోతే పెద్ద వానకి కట్ట నిలుస్తుందా?" అని మొదట అడిగింది ఆమె. అడిగినదానివి నువ్వే చెయ్యి అన్నారు. చేసింది. కట్ట కింద ఈ పక్క నుంచి ఆ పక్కకి ఏడు రోజులు తవ్వింది. బీరప్ప అనే దున్నపోతు బోలు మొద్దు ఒకటి దొర్లించుకొచ్చి ఆ దారిలో దూర్చాడు. బయటి నోటికి గుండ్రాయి ఒకటి బిగించి, చుట్టూ బంకమన్ను మెత్తారు. తర్వాత దాని మీద తంగేడు పెరిగింది. ఏడేళ్ళూ చిన్న వానలే కాబట్టి ఆ రాయి కదిలించే అవసరం రాలేదు.

ఇక అసలు గొడవ ఎక్కడ మొదలైందో చెప్పాలి. కట్ట పూర్తయిన సాయంత్రం బీరప్ప, "ఎట్ల కట్టుకున్నామో ఒకసారి చెప్పుకుందాం, పిల్లోళ్ళు వింటారు" అన్నాడు. ఎవరూ నోరు తెరవలేదు. నలభై రోజులు మన్ను మోసినవాళ్ళకి దవడలు కదిలించే ఓపిక లేదు. పైగా ఆ గుట్ట మీద ఎవరు చేసిన పని వాళ్ళే చెప్పుకోవడం నామోషీ. ఆ సాయంత్రం ఓపిక మిగిలి, హుషారుగా ఉన్నవాడు ఒక్కడే. నక్క వాగీశం. నలభై రోజులూ చెట్టు నీడన పడుకుని, "అట్ల కాదు, ఇట్ల తొక్కండి" అన్నవాడు. అతను లేచి, కట్ట నడుమ ఉన్న బండ ఎక్కి, గొంతు సవరించుకుని చెప్పాడు. బాగా చెప్పాడు కూడా. అప్పటి నుంచి అదే ఆచారమైపోయింది. ప్రతి ఏడూ మృగశిర కార్తె మొదటి రోజున అందరూ వచ్చి కట్ట మీద కొత్త బురద తొక్కడం, ఆ పని కాగానే బండ చుట్టూ కూర్చోవడం, వాగీశం కట్ట కథ చెప్పడం.

మొదటి ఏడు "మనమంతా కట్టినాం" అన్నాడు. అందులో తను ఉన్నట్టు వినిపించింది, పోనీలే అనుకున్నారు. రెండో ఏడు చోటు చూపించింది తనే. మూడో ఏడు కుంట వాళ్ళ తాతకి కలలో కనబడింది. నాలుగో ఏడు తూము తవ్వింది కూడా తనే, అదీ కట్ట నడిమధ్యన, తను నిలబడ్డ బండ కిందనే. సుంకమ్మ అది విని నవ్వింది. 'చోటు కూడా తప్పు చెప్తాండాడు, చెప్పుకోనీలే. నీళ్ళు నీళ్ళ మాదిరే ఉండాయి కదా' అనుకుని, పీత బొక్క చూడ్డానికి లేచి పోయింది.

ఐదో ఏడు బీరప్ప కొమ్ము వంతు వచ్చింది. బీరప్ప కుడి కొమ్ము కొస విరిగి ఉంటుంది. తూము రాయి బిగించేటప్పుడు రాతి గాడిలో ఇరుక్కుని విరిగింది. వాగీశం కథలో మాత్రం అది చిరుతపులి పక్కటెముకల్లో విరిగింది. పని ఆపించడానికి వచ్చిన పులిని బీరప్ప ఒక్కడే తరిమేశాడట. ఆ ఏడు బీరప్ప సిగ్గుతో తల వంచుకున్నాడు. మరుసటి ఏడు వంచుకోలేదు. ఆ తర్వాత కుందేలు పిల్లలు వచ్చి "పులిని పొడిచిన కొమ్ము చూపించు మామా" అంటే, తల పక్కకి తిప్పి చూపించడం కూడా మొదలుపెట్టాడు.

ఈ ఏడు మృగశిర రోజున బురద తొక్కుడు మధ్యాహ్నానికే అయిపోయింది. గుట్ట వెనక మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. గాలి ఆగిపోయి ఉక్కగా ఉంది. సుంకమ్మకి మరీ కాలు నిలవడం లేదు. అందరూ బండ చుట్టూ కూర్చుంటే ఆమె వెనకాల అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

వాగీశం బండ ఎక్కాడు.

"పిల్లలారా, ఇన్నేండ్లూ ఒక సంగతి కడుపులోనే దాచుకున్నా. ఈ కట్టకి ఒక శత్రువు ఉండె. పులి సంగతి కాదు, అది బీరప్ప మామ చూసుకున్నాడు. ఇది చిన్నది. మనం పైన కడతాంటే ఇది కింద నుంచి తవ్వతా ఉండె. ఒకటి కాదు రెండు కాదు, ఏడు దినాలు తవ్వింది. నేను చూసి తరమకపోతే ఈ కుంట యాడుండు?"

"ఎవరు సామీ అది?" అన్నాడు తిప్పన్న. తిప్పన్న కుందేళ్ళ పెద్ద. కుంట కట్టిన తర్వాత పుట్టినవాడు, వాగీశం కథ వింటూ పెరిగినవాడు.

"పేరెందుకులే నాయనా. మనలోనే ఉంది. తంగేడు పొద పక్కన."

అందరి తలలూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. సుంకమ్మ కాళ్ళు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిలిచిపోయాయి.

"తవ్వింది నిజమే," అంది. "తూము కోసం తవ్వినా. బీరప్ప మామా, నువ్వు చెప్పు. మొద్దు దొర్లించుకొచ్చింది నువ్వే కదా."

బీరప్ప నెమరు ఆపాడు.

"ఏడేండ్లాయె కదమ్మీ. తూము వాగీశం తవ్వినట్టే నా కండ్లకి కనపడతాంది. ఇదో, ఈ బండ కిందనే."

అతను కావాలని అబద్ధం ఆడలేదు. ఏటేటా విని విని అతనికి నిజంగానే అట్లా కనిపిస్తోంది. అది సుంకమ్మకి అర్థమైంది.

"అయితే నీ కొమ్ము యాడ ఇరిగింది మామా? తూము రాతి గాడిలో ఇరుక్కుని ఇరగలేదా? అబ్బా అని నువ్వు అరిస్తే నేనే కదా పసరు పూసింది?"

"పులితో కాదా మామా?" అన్నాడు తిప్పన్న, కళ్ళు పెద్దవి చేసి.

బీరప్ప చెవులు వెనక్కి పోయాయి. అంతమంది పిల్లల ముందు పులిని పోగొట్టుకోవడం ఆయన వల్ల కాలేదు.

"పులితోనే. సుంకమ్మా, నోటికొచ్చినట్టు మాట్లాడొద్దు. పొద్దు మునిగేలోపల కట్ట దిగి యాడికన్నా పో. తవ్వే జాతిని కట్ట మీద ఉండనీయడం మాదే తప్పు."

"పాపం, ఆడకూతురు," అన్నాడు వాగీశం జాలిగా. "తిట్టొద్దండప్పా. ఆ బొరియ పాడుబెట్టడం ఎందుకు, వానాకాలం నేనే అందులో ఉండి కట్టకి కాపలా కాస్తాలే."

ఎంత మంచి మనసు అని జింకలు మెచ్చుకున్నాయి. సుంకమ్మకి ఇప్పుడు సంగతంతా తెలిసింది. ముసురు పట్టబోతోంది. వాగీశానికి తడవని ఇల్లు కావాలి, తవ్వే పని మాత్రం వద్దు. దానికోసం ఏడేళ్ళ కథకి ఇంకో ముక్క అతికించాడు.

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. బొరియ ఇంకో చోట తవ్వుకోవచ్చు. మరి రేపటి నుంచి పీత బొక్కలు ఎవరు చూస్తారు? కట్ట సంగతి ఎవరికి పడుతుంది?

అంతలో గుట్ట వెనక ఉరుము ఉరిమింది. పైన వాన అప్పుడే మొదలైనట్టుంది, ఎండిన వాగులో ఎర్రనీళ్ళ శబ్దం వినిపిస్తోంది. సుంకమ్మ చెవులు రిక్కించింది. ఒక ఆలోచన తట్టింది.

"పోతా మామా," అంది. "పోయే ముందర ఒక్క మాట. ఏడేండ్లలో ఇట్లాంటి వాన చూడలేదు. పొద్దు మునిగేలోపల కుంట నిండి కట్ట మీదికొస్తుంది. తూము తెరవాల. తవ్వినోడు వాగీశమన్న కాబట్టి ఆయన్నే తెరవమనండి. తెరిచింది చూసి, దొంగని నేనేనని ఒప్పుకుని పోతా."

వాగీశం తోక ఒక్క క్షణం కిందికి దిగింది. "ఇప్పుడా? మంచి గడియ చూసుకుని..."

"తెరువు సామీ, నీ చేత్తో తెరువు. మేం చూడాల," అన్నాడు తిప్పన్న. మిగతా కుందేళ్ళూ వంత పాడాయి.

ఇక తప్పలేదు. బండ దిగి, దాని మొదట్లో ముందుకాళ్ళతో నాలుగు గీకులు గీకాడు. "మన్ను బిగిసిపోయిందప్పా. ఏడేండ్లాయె," అన్నాడు.

సుంకమ్మ లెక్క అంతవరకే. ఇంకో నాలుగు గీకులు గీకుతాడు, తూము దొరకదు, ఎవరో ఒకరు నవ్వుతారు, అబద్ధం బయటపడుతుంది. వాగీశం సోమరితనం ఆమెకి బాగా తెలుసు. కానీ వాగీశాన్ని నమ్మినవాళ్ళ సంగతి ఆమె లెక్కలో వేసుకోలేదు.

"నువ్వు పెద్దోడివి, జరుగు సామీ. మేం తవ్వుతాం," అని ఇరవై కుందేళ్ళు మీద పడ్డాయి. "మమ్మల్ని పిలవరా?" అంటూ అడవిపందులు మూతులు దించాయి. పందులు మూతులు దించాక మన్ను ఆగుతుందా? కట్ట నడుమ గుంత అయింది. చూస్తుండగానే బండ ఒక పక్కకి ఒరిగింది.

"యాడ సామీ తూము?"

"ఇంగ కొంచెం లోతుకి," అన్నాడు వాగీశం. వద్దనడానికి నోరు రాలేదు. వద్దంటే తూము అక్కడ లేదని ఒప్పుకున్నట్టే. "ఇంగొంచెం. కుడి పక్కకి."

వాన కుంట మీదికి వచ్చేసింది. వాగు నీళ్ళు కుంటలోకి దూకుతున్నాయి. సుంకమ్మ గుంత అంచున అటూ ఇటూ పరుగెత్తుతూ, "చాలు ఆపండి, అది కట్ట, అది కట్ట," అంటోంది. దొంగ మాట ఎవరు వింటారు? ఇంతలో గుంత అడుగున తడి కనిపించింది. తడి సన్నటి ధార అయింది.

"దొరికింది, తూము దొరికింది," అని కుందేళ్ళు ఎగిరాయి.

అది తూము కాదు. కట్ట కారుతోంది. నలభై రోజులు తొక్కిన కట్ట.

సుంకమ్మకి ఒక్క క్షణం ఆ ఆలోచన కూడా వచ్చింది. ఊరకే నిలబడితే చాలు, ఇంకాసేపట్లో కట్ట తెగుతుంది, తన మాటే నిజమని గుట్టంతా తెలుస్తుంది. ఆ ఆలోచనకి ఆమెకే ఒళ్ళు మండింది. వెంటనే తంగేడు పొద దగ్గరికి పరుగు తీసింది. పొద మొదట్లో దూరి, ఏడేళ్ళుగా రోజూ వాసన చూసిన చోట గబగబా మన్ను గీకేసింది. గుండ్రాయి ముఖం బయటపడింది. దాన్ని కదిలించడం పందికొక్కు వల్ల అయ్యే పని కాదు. మళ్ళీ వెనక్కి పరుగెత్తింది.

బీరప్ప గుంతకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. బతిమాలితే రాడు. చెప్తే నమ్మడు. సుంకమ్మ వెనక నుంచి వచ్చి, ఆయన మడమ మీద పళ్ళు దిగేటట్టు కొరికింది.

బీరప్ప గుట్ట అదిరేటట్టు రంకె వేశాడు. "చెయ్యాల్సిన పాపం చేసి నన్నే కొరుకుతావా?" అని తల దించి వెంటపడ్డాడు. ముందు సుంకమ్మ, వెనక దున్నపోతు, కట్ట పొడుగునా పరుగు. అంత కోపంలో ఉన్న బీరప్పని ఎవరూ అంతకుముందు చూడలేదు. కట్ట దిగి, తంగేడు పొద దగ్గరికి వచ్చి, సుంకమ్మ రాయికి వీపు ఆనించి నిలబడింది. కొమ్ము బెత్తెడు దూరంలోకి వచ్చేదాకా కదల్లేదు. వచ్చాక పక్కకి దూకింది.

కుడి కొమ్ము నేరుగా పోయి రాతి గాడిలో దిగబడింది. ఎక్కడికో పోయి తగిలినట్టు లేదు, తన ఇంటికి తాను వచ్చినట్టు సరిగ్గా కూర్చుంది. మిగిలిన బంకమన్ను పెళ్ళలుగా రాలింది. మన్ను రాలిన గాడిలో, బీరప్ప కంటికి జానెడు దూరంలో, నల్లటి ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. బొటనవేలంత ముక్క.

బీరప్ప రొప్పుతూ దాన్నే చూశాడు. అది తన కొమ్ము కొస. పులి పక్కటెముకల్లో పోయిన కొస.

"సుంకమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఆ పొద్దు పసరు పూసింది నువ్వే కదా."

"నేనే మామా. సిగ్గుపడేది తర్వాత. కట్ట పోతాంది, గుంజు."

బీరప్ప నాలుగు కాళ్ళూ బురదలో తన్నిపట్టి ఒక్క గుంజు గుంజాడు. రాయి ఊడింది. దాని వెనకనే ఏడేళ్ళ నీళ్ళు ఒక్కపెట్టున దూకి, అంత దున్నపోతుని వెనక్కి కూలబడేశాయి. తూము నీళ్ళు కట్ట కింది ఎండిన వాగులో పడి పరుగెత్తాయి. కుంటలో మట్టం మెల్లగా దిగడం మొదలైంది. నడిమి గుంతలో ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది.

అప్పటికి అందరూ కట్ట మీద వరసగా నిలబడి కిందికి చూస్తున్నారు. మొదట మాట్లాడింది వాగీశమే.

"చూసినారా? చెప్తే నమ్మలేదు. ఇది రెండో తూము. ఇది కూడా ఆ పొద్దు నేనే..."

తిప్పన్న నడుమ ఉన్న గుంతకేసి చూశాడు. మట్టి కొట్టుకున్న తన కాళ్ళకేసి చూశాడు. తర్వాత వాగీశం మొహంలోకి చూశాడు. వాగీశం తల దించుకున్నాడు.

బీరప్ప బురద ఓడుతూ కట్ట ఎక్కాడు. "పిల్లలారా, పులి రాలేదు," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి రాయి గుంజినంత కష్టమైంది. "నేను కొట్లాడింది రాయితో. తూము తవ్వింది సుంకమ్మ. ఏడు దినాలు తవ్వింది. నా కండ్ల ముందర తవ్వింది. వాగీశం, ఆ గుంత చూసినావు కదా?"

"చూసినా మామా."

"పూడ్చు."

"నేనా? ఒక్కణ్ణేనా? బురద తొక్కడం నాకు చాతకాదప్పా."

"ఏడేండ్లుగా ఎట్ల తొక్కాలో చెప్తానే ఉండావు కదా. చాతనవుతుందిలే."

వాన తెరిపి ఇచ్చింది. పొద్దు మునిగేదాకా వాగీశం గుంతలో మన్ను పోశాడు, నీళ్ళు పోశాడు, తొక్కాడు. కుందేళ్ళు చుట్టూ కూర్చుని, "అట్ల కాదు సామీ, ఇట్ల" అని చెప్పాయి. సుంకమ్మ మధ్యమధ్యలో వచ్చి వాసన చూసి, "ఇక్కడ గుల్లగా ఉంది, మళ్ళీ తొక్కు" అని పోయింది. మూడుసార్లు తొక్కించింది.

సందె వేళకి గుంత పూడింది. అందరూ మళ్ళీ కూర్చున్నారు. సగంలో ఆగిన కథ పూర్తి చెయ్యాలి కదా.

"సుంకమ్మా, నువ్వు చెప్పు," అన్నాడు బీరప్ప.

"నాకు రాదప్పా."

"రాకపోతే వచ్చినంతే చెప్పు. ఈసారి చెప్పకుండా పోతే నేను ఒప్పుకోను. నువ్వు ఊరకుండబట్టే కదా ఇంతదాకా వచ్చింది."

ఆమె సిగ్గుపడుతూ, అటూ ఇటూ నడుస్తూనే చెప్పింది. "నీళ్ళు లేకుంటే అందరం కలిసి కట్టినాం. తూము నేను తవ్వినా. మొద్దు బీరప్ప మామ తెచ్చినాడు, కొమ్ము ఇరగ్గొట్టుకున్నాడు. ఇంగేముంది?" అంది. అంతలో ఏదో గుర్తొచ్చి, తూము రాయి మళ్ళీ ఎట్లా బిగించాలో చూడ్డానికి దక్షిణం కొసకి పరుగెత్తింది. బీరప్ప లేచి ఆమె వెనకే పోయాడు.

తిప్పన్నకి అంత చిన్న కథ చాల్లేదు. అలవాటు పోక బండ వైపు తిరిగి, "సామీ, మిగతాది నువ్వు చెప్పు" అన్నాడు.

బండ పక్కన, మోకాళ్ళ దాకా బురద ఎండిపోయి, వాగీశం నోరు తెరుచుకుని పడి గురక పెడుతున్నాడు. మొదటిసారి పని చేశాడు, మొదటిసారి మాట్లాడే ఓపిక లేకపోయింది.

నీతి: చేసినవాళ్ళు చెప్పుకోకపోతే, చెయ్యనివాడు చెప్పిందే చరిత్ర అవుతుంది.